స్టార్‌స్క్రీమ్: పగబట్టిన మరమనిషి పాత్ర పరిశీలన

కథాసాహిత్యంలో వీరుని పాత్ర ఎంత ప్రాచీనమో, ద్రోహి పాత్ర కూడ అంత ప్రాచీనము. శత్రువు ఎదుట నిలిచి యుద్ధం చేస్తాడు. ద్రోహి పక్కన నిలిచి అదను కోసం ఎదురుచూస్తాడు. కనుకనే శత్రువు కంటె ద్రోహి పాత్ర పాఠకుని మనస్సును ఎక్కువగా కలవరపెడుతుంది. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలోని ఇయాగో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తనకు రావలసిన పదవి వేరొకనికి దక్కిందన్న కసితో అతడు తన దళపతి జీవితాన్నే కూల్చివేశాడు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అనే మన సామెత కూడ ఇట్టి భయం నుండి పుట్టినదే.

ఇట్టి పాత్ర మహాకావ్యాలలోను, విషాదాంత నాటకాలలోను మాత్రమే ఉంటుందనుకోవడం పొరపాటు. పిల్లలు ఆడుకొనే బొమ్మలలో కూడ అది ప్రవేశించింది. ఆ బొమ్మ పేరు స్టార్‌స్క్రీమ్. అది ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అనే బొమ్మల వరుసలోను, దాని ఆధారంగా వచ్చిన కార్టూన్ చిత్రాలలోను ఒక ప్రధాన పాత్ర. ట్రాన్స్‌ఫార్మర్ అనగానే మన పల్లెలలో వీధి చివర స్తంభాలపై నిలిచే కరెంటు యంత్రం గుర్తుకు వస్తుంది. ఇక్కడ ఆ మాటకు రూపం మార్చుకొనేది అని అర్థం. కారుగానో, విమానంగానో, తుపాకిగానో కనిపించే వస్తువు కీళ్ళు విప్పి మడిస్తే మరమనిషిగా మారుతుంది. రూపం మార్చుకొనే ఈ యంత్రాల గుంపులో నిలకడ లేని మనస్సు కలవానిగా స్టార్‌స్క్రీమ్ పేరు పొందాడు.

పిల్లల బొమ్మ గురించి ఇంత విచారణ అవసరమా అని కొందరు సందేహించవచ్చు. ఈనాటి బాలబాలికలు విశ్వాసం, ద్రోహం, పగ, క్షమ అనే మాటల అర్థాన్ని మొదటగా నేర్చుకొనేది పాఠ్యగ్రంథాలలో కాదు, తెరమీద. వారు అక్కడ ఏమి నేర్చుకొంటున్నారో తెలుసుకొనుట ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు అనవసరమైన పని కాదు.

బొమ్మ పుట్టుక

స్టార్‌స్క్రీమ్ జన్మస్థానం జపాన్. టోక్యోలోని తకారా అనే బొమ్మల సంస్థ 1980 నుండి ‘డయాక్లోన్’ అనే బొమ్మల వరుసను తయారుచేసింది. వాటిలో మరమనుషులకు సొంత ప్రాణం గాని, గుణం గాని లేవు. అవి మనుషులు లోపల కూర్చుండి నడిపే యంత్రాలు. బొటనవ్రేలి కంటె చిన్నవైన సారథుల బొమ్మలు వాటితోపాటు వచ్చేవి. ఆ వరుసలో అమెరికా వైమానికదళపు ఎఫ్-15 యుద్ధవిమానం రూపం గల బొమ్మ ఒకటి ఉండేది. అదే తరువాతి స్టార్‌స్క్రీమ్.

అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన హాస్బ్రో సంస్థ డయాక్లోన్ బొమ్మలను, తకారావారిదే మైక్రోమాన్ అనే మరొక వరుసలోని బొమ్మలను తీసుకొని, 1984లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అనే ఒకే పేరుతో విక్రయించింది. అప్పుడు జరిగిన ముఖ్యమైన మార్పు ఏమంటే, లోపలి సారథిని తొలగించి యంత్రానికే ప్రాణం పోయడం. పాత అచ్చులో పోతపోసినందువలన స్టార్‌స్క్రీమ్ బొమ్మలో సారథి కూర్చుండే గది అట్లే మిగిలిపోయింది. దాని మూత తెరుచుకుంటుంది గాని లోపల కూర్చుండే మనిషి లేడు. నడిపేవాడు లేడు కనుక ఆ యంత్రం చేసే మంచిచెడ్డలకు అదే బాధ్యత వహించవలసి వచ్చింది. నీతి అనేది ఈ కథలోకి ప్రవేశించినది ఈ ద్వారం గుండానే.

ఒకే అచ్చు, మూడు మనస్సులు

పేరులేని బొమ్మలకు పేర్లు, గుణగణాలు కల్పించే పనిని హాస్బ్రోవారు మార్వెల్ కామిక్స్ సంస్థకు అప్పగించారు. అక్కడి సంపాదకుడు జిమ్ షూటర్ రెండు పక్షాల మధ్య యుద్ధమనే మూలకథను రచించాడు. బాబ్ బుడియాన్‌స్కీ అనే మరొక సంపాదకుడు 1983 చివరలో అత్యధిక పాత్రలకు పేర్లు పెట్టి, ఒక్కొక్కదానికి చిన్న జీవితచిత్రణను సమకూర్చాడు. సైబర్‌ట్రాన్ అనే లోహగ్రహం మీద ఆటోబాట్లు, డిసెప్టికాన్లు అనే రెండు వర్గాలు యుగయుగాలుగా పోరాడుతున్నాయి. ఆటోబాట్ల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్. డిసెప్టికాన్ల నాయకుడు మెగాట్రాన్. డిసెప్టికాన్ అనే పేరులోనే ఆంగ్లంలో మోసమనే అర్థమిచ్చే మాట ఇమిడి ఉంది. ఆ మెగాట్రాన్‌కు వైమానిక సేనాని స్టార్‌స్క్రీమ్.

ఇక్కడ గమనార్హమైన విషయం ఒకటి ఉంది. 1984లో ఒకే అచ్చులో పోసిన యుద్ధవిమానాలు మూడు విక్రయానికి వచ్చాయి. రంగు తప్ప వాటి మధ్య భేదం లేదు. బూడిద వన్నె మీద ఎరుపు, నీలం గలది స్టార్‌స్క్రీమ్. నీలవర్ణం థండర్‌క్రాకర్. నలుపు, ఊదా కలిసినది స్కైవార్ప్. ఒకే శరీరం గల ఈ ముగ్గురిని వేరుచేయడానికి రచయితకు మిగిలినది మనస్సు ఒక్కటే. స్కైవార్ప్‌కు ఆకతాయితనాన్ని ఇచ్చాడు. థండర్‌క్రాకర్‌కు తమ పక్షం చేసే యుద్ధం న్యాయమైనదా అనే సందేహాన్ని ఇచ్చాడు. స్టార్‌స్క్రీమ్‌కు నాయకుని పదవి మీద ఆశను, నాయకుని మీద తిరస్కారాన్ని ఇచ్చాడు. ఒకే మట్టితో చేసిన కుండలలో ఏది ఎట్టి నీరు నింపుకొంటుందో దానిని బట్టి దాని విలువ ఉంటుందనే సత్యం ఈ బొమ్మల దుకాణంలో కూడ కనిపిస్తుంది.

బొమ్మ పెట్టె వెనుక ఒక పట్టిక ఉండేది. బలం, తెలివి, వేగం, ఓర్పు, హోదా, ధైర్యం, ఆయుధశక్తి, నేర్పు అనే 8 గుణాలను అందులో ఒకటి నుండి పది వరకు కొలిచి చూపేవారు. మామూలు కంటికి అది ఎర్రని గజిబిజి గీతలుగా కనిపించేది. పెట్టెతో వచ్చిన ఎర్రని పారదర్శకపు ముక్కను దానిపై ఉంచితే అంకెలు తేటపడేవి. ఈ 8 గుణాలలో విశ్వాసానికి స్థానం లేదు. ఒక సైన్యాధికారికి అన్నిటికంటె అవసరమైన గుణాన్ని ఏ పట్టికా కొలవలేదు. సమయం వచ్చినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది.

తెరమీది స్టార్‌స్క్రీమ్

1984 సెప్టెంబరు 17న అమెరికా టెలివిజన్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ ప్రసారం మొదలైంది. ఇటువంటి ప్రసారాలకు నాటి పరిస్థితులు ఎంతో అనుకూలించాయి. 1969లో ‘హాట్ వీల్స్’ అనే బొమ్మకార్ల పేరుతో ఒక కార్టూన్ వచ్చినప్పుడు అది కథ కాదు, ప్రకటన అనే అభ్యంతరం అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంఘం ముందుకు వచ్చింది. అనంతరం 1984లో ఆ సంఘమే ప్రకటనల కాలపరిమితిపై ఉన్న నియమాలను ఎత్తివేసింది. దానితో బొమ్మల సంస్థలే కథలు చెప్పించుకొనే కాలం వచ్చింది. చివరకు 1990లో బాలల టెలివిజన్ చట్టం చేసి, పిల్లల కార్యక్రమాలలో ప్రకటనలకు గంటకు వారాంతాలలో పదిన్నర నిమిషాలు, మిగిలిన దినాలలో 12 నిమిషాలు మాత్రమే ఉండాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించవలసి వచ్చింది.

వ్యాపారం కోసం పుట్టిన కథ అయినప్పటికీ రచయితలు స్టార్‌స్క్రీమ్ పాత్రను శ్రద్ధతో నడిపించారనక తప్పదు. తొలి కథలోనే ఇందుకు చక్కని నిదర్శనం ఉంది. శక్తివనరులను అన్వేషిస్తూ బయలుదేరిన రెండు పక్షాలవారు అంతరిక్షంలో పోరాడి, భూమి మీద ఒక అగ్నిపర్వతంలో కూలిపోతారు. 40 లక్షల సంవత్సరాలు అచేతనంగా పడియుంటారు. 1984లో ఆ పర్వతం కదలి, పడిపోయిన నౌకలోని యంత్రం మేల్కొని, ముందుగా డిసెప్టికాన్లకు ప్రాణం పోస్తుంది. వారు వెలుపలికి వెళ్ళిపోతారు. శత్రువులందరు లోపల నిర్జీవంగా పడియున్నారు. ఆ క్షణంలో ఊరక వెళ్ళిపోయి ఉంటే యుద్ధం అక్కడితో ముగిసేది. కాని స్టార్‌స్క్రీమ్ కసి తీరక, పడిపోయిన శత్రువుల మీద వెనుదిరిగి కాల్పులు జరుపుతాడు. ఆ అదటుకు ఆప్టిమస్ ప్రైమ్ శరీరం ప్రాణం పోసే యంత్రకిరణం కిందికి జరిగి, అతడు మేల్కొంటాడు. ఆటోబాట్లను బ్రతికించినది స్టార్‌స్క్రీమ్ పగ తప్ప మరొకటి కాదు. ఈ పాత్ర చరిత్ర అంతా ఈ ఒక్క సంఘటనలో బీజరూపంలో ఉంది. అతని పగ ప్రతిసారి శత్రువుకే మేలు చేస్తుంది.

ఈ పాత్రకు గొంతునిచ్చినవాడు క్రిస్ లాటా అనే నటుడు. గరగరలాడుతూ చెవిని గీరే ఆ స్వరం పాత్రలోని అసూయను, పిరికితనాన్ని, గర్వాన్ని ఒకేసారి పలికించింది. అదే నటుడు అదే కాలంలో ‘జి.ఐ. జో’ అనే మరొక కార్టూన్‌లో కోబ్రా కమాండర్ పాత్రకు కూడ గొంతునిచ్చాడు. ఆయన 1994లో మరణించాడు. తరువాత ఆ పాత్ర ధరించిన పలువురు నటులు ఆయన బాణీని అనుసరించారు.

మెగాట్రాన్ ఈ ద్రోహిని ఎందుకు దగ్గర ఉంచుకొన్నాడు? కార్టూన్ చూసే ప్రతి పిల్లవాడు అడిగే ప్రశ్న ఇది. స్టార్‌స్క్రీమ్ ప్రతివారం నాయకుని పదవిని కోరుతాడు, అతని పథకాన్ని చెడగొడతాడు, పట్టుబడి కాళ్ళపై పడతాడు. మెగాట్రాన్ అతనిని కొట్టి, అవమానించి, మళ్ళీ అదే పదవిలో ఉంచుతాడు. ఒక కథలో మాత్రం అతనిని వెళ్ళగొట్టి, పసిఫిక్ మహాసముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో విడిచిపెడతారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఘోర సంగ్రామం జరిగిన స్థలమది. తుప్పుపట్టిన నాటి యుద్ధవాహనాలు అక్కడ అతనికి దొరుకుతాయి. సైబర్‌ట్రాన్ చెరసాలలో బందీలుగా ఉన్నవారి చైతన్యాలను దొంగిలించి తెచ్చి, వాటిలో అమర్చి, సొంత సైన్యాన్ని నిర్మించుకొంటాడు. మనిషి యుద్ధం వదిలివెళ్ళిన చెత్తతో మరమనిషి తన ప్రతీకార సైన్యాన్ని కూర్చుకొన్నాడు. ఆ సైన్యంతో మెగాట్రాన్‌ను గెలిచినంత పనిచేసి, చివరి క్షణంలో ఓడిపోయాడు.

పక్షం మార్చిన ఇద్దరు మిత్రులు

1984 డిసెంబరులో ప్రసారమైన మరొక కథ ఈ పాత్రను అర్థం చేసుకొనేందుకు అత్యంత ముఖ్యమైనది. అందులో స్టార్‌స్క్రీమ్ పూర్వచరిత్ర కొంత తెలుస్తుంది. యుద్ధానికి పూర్వం అతడు సైనికుడు కాదు, శాస్త్రజ్ఞుడు. స్కైఫైర్ అనే మిత్రునితో కలిసి లోకాలను అన్వేషిస్తూ ప్రాచీనకాలంలో భూమికి వచ్చాడు. మంచుతుపానులో స్కైఫైర్ తప్పిపోయాడు. లక్షల సంవత్సరాల తరువాత ఉత్తరధ్రువం వద్ద మంచులో అతని శరీరం దొరుకుతుంది. స్టార్‌స్క్రీమ్ తన మిత్రుని బ్రతికించి, డిసెప్టికాన్ల పక్షంలో చేర్చుకొంటాడు. బందీలుగా చిక్కినవారిని చంపమని ఆజ్ఞాపిస్తాడు. శాస్త్రజ్ఞుడైన స్కైఫైర్ అందుకు నిరాకరిస్తాడు. ఆ నిరాకరణను సహించలేక స్టార్‌స్క్రీమ్ తన ప్రాణమిత్రుని మీదనే కాల్పులు జరుపుతాడు. గాయపడిన స్కైఫైర్ ఆటోబాట్ల పక్షంలో చేరిపోతాడు.

ఈ కథలో పక్షం మార్చినవాడు స్కైఫైర్. మైత్రికి ద్రోహం చేసినవాడు స్టార్‌స్క్రీమ్. పైకి చూస్తే తన సేనను విడిచివెళ్ళినందున స్కైఫైర్ ద్రోహి, తన సేనలోనే ఉన్నందున స్టార్‌స్క్రీమ్ విశ్వాసపాత్రుడు. లోపల విషయం సరిగా దీనికి విరుద్ధం. ద్రోహమనేది ఏ జెండా కింద నిలిచామన్న దానిని బట్టి కాక, ఎందుకు నిలిచాము, ఎందుకు వెళ్ళాము అన్న దానిని బట్టి నిర్ణయమవుతుందని 20 నిమిషాల బాలల కథ తేల్చిచెప్పింది.

పక్షం మార్చడానికి చరిత్రలోను, పురాణాలలోను వేర్వేరు కారణాలు కనిపిస్తాయి. పవిత్ర చరితలను బొమ్మల కథతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. భేదం తెలియడానికి మాత్రమే వాటిని స్మరిస్తున్నాను. క్రీ.శ. 680లో హజ్రత్ ఇమాం హుసేన్ మార్గాన్ని అడ్డగించడానికి సేనతో వచ్చిన హుర్ర్, కర్బలా యుద్ధదినాన పశ్చాత్తాపంతో ఇమాం పక్షాన చేరి ప్రాణాలర్పించాడు. అన్నకు హితవు చెప్పి, అది చెవికెక్కక పోగా విభీషణుడు లంకను విడిచాడు. ఇవి మనస్సాక్షి మార్పించిన పక్షాలు. 1687లో గోలకొండ కోట ముట్టడిలో అబ్దుల్లా ఖాన్ పన్ని ధనాశకు లోనై మొగలు సైన్యానికి కోట దిడ్డివాకిలి తెరిపించాడు. ఇది ప్రలోభం మార్పించిన పక్షం. అదే రాత్రి ఒంటినిండ గాయాలతో పోరాడిన అబ్దుర్రజాక్ లారీ పేరు దక్కను చరిత్రలో విశ్వాసానికి మారుపేరుగా నిలిచింది.

స్టార్‌స్క్రీమ్ ఈ రెండు తెగలకు చెందినవాడు కాడు. అతనికి ధనం అక్కరలేదు, ధర్మం పట్టదు. తనను చిన్నచూపు చూచినవానిని కూలద్రోసి అతని పీఠం మీద కూర్చోవాలి. ఇది పగ మార్పించే పక్షం. మూడింటిలో ఇదే అత్యంత దుర్బలమైనది. పగబట్టినవాని జీవితం తన చేతిలో ఉండదు. ఎవరిని ద్వేషిస్తున్నాడో అతని చేతిలో ఉంటుంది.

ఒక్క గడియ పట్టాభిషేకం

1986 ఆగస్టులో అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ చలనచిత్రం విడుదలైంది. దర్శకుడు నెల్సన్ షిన్. కథలోని యుద్ధంలో మెగాట్రాన్ తీవ్రంగా గాయపడతాడు. డిసెప్టికాన్లు అంతరిక్షనౌకలో తిరిగిపోతుండగా బరువు ఎక్కువైందని, గాయపడినవారిని బయటకు విసరివేయాలని నిర్ణయమవుతుంది. ఆ అదను చూచుకొని స్టార్‌స్క్రీమ్ తన చేతులతోనే మెగాట్రాన్‌ను శూన్యంలోకి తోసివేస్తాడు. ఎన్నాళ్ళనుండో కోరుకొన్న సింహాసనం అతనికి దక్కుతుంది. సైబర్‌ట్రాన్‌లో కిరీటధారణ మహోత్సవం జరుగుతుంది.

అయితే శూన్యంలో కొట్టుకొనిపోయిన మెగాట్రాన్‌ను యూనిక్రాన్ అనే గ్రహభక్షక మహాయంత్రం చేరదీసి, గాల్వట్రాన్ అనే కొత్త శరీరం ఇస్తుంది. ఆ యూనిక్రాన్‌కు గొంతునిచ్చినది విఖ్యాత నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్. చిత్రం విడుదల కాకముందే, 1985 అక్టోబరులో ఆయన మరణించాడు. గాల్వట్రాన్ పట్టాభిషేక సభలోకి వచ్చి, ఒక్క దెబ్బతో స్టార్‌స్క్రీమ్‌ను బూడిద చేస్తాడు. కిరీటం నేలమీద పడుతుంది. సభలో ఉన్నవారిలో ఒక్కడు కూడ అతని కోసం కన్నీరు పెట్టలేదు. వారందరు వెంటనే కొత్త నాయకునికి జయధ్వానం చేశారు. భయంతో కూడిన సభ ఎప్పుడూ బలవంతునికే జేకొడుతుంది. నిన్న మెగాట్రాన్‌కు, ఉదయం స్టార్‌స్క్రీమ్‌కు, సాయంత్రం గాల్వట్రాన్‌కు.

ఈ మరణాల వెనుక వ్యాపార కారణం కూడ ఉన్నది. 1984 నాటి బొమ్మలను దుకాణాల నుండి తొలగించి కొత్త బొమ్మలను ప్రవేశపెట్టదలచి, పాత పాత్రలను కథలో చంపివేశారు. ఆప్టిమస్ ప్రైమ్ మరణాన్ని పిల్లలు భరించలేక విలపించారు. వారి దుఃఖం చూచి 1987లో అతనిని తిరిగి బ్రతికించవలసి వచ్చింది. బొమ్మను సరకుగా చూచిన వ్యాపారులకు, దానిని మిత్రునిగా చూచిన పిల్లలకు మధ్య గల అంతరం ఆనాడు బయటపడింది.

చావని పగ

స్టార్‌స్క్రీమ్ కథ మరణంతో ముగియలేదు. చలనచిత్రం తరువాత వచ్చిన కార్టూన్ కథలలో అతని ప్రేతం ప్రవేశించింది. ఒకరి శరీరంలో దూరి, గాల్వట్రాన్ మీద పగ తీర్చుకొనజూచింది. తిరిగి శరీరం పొందడం కోసం యూనిక్రాన్‌తోనే బేరమాడింది. 1996లో మొదలైన ‘బీస్ట్ వార్స్’ అనే మరొక కార్టూన్‌లో కూడ ఆ ఆత్మ వచ్చి, యూనిక్రాన్‌తో పోరాడి వీరమరణం పొందానని అబద్ధమాడింది. బూడిద అయిన తరువాత కూడ తన ద్రోహానికి వీరగాథ ముసుగు వేయజూచినవాడు స్టార్‌స్క్రీమ్. తన చావు గురించి తానే అబద్ధం చెప్పవలసిన దుస్థితి కంటె పెద్ద శిక్ష ఏముంటుంది?

విశ్వసింపబడినప్పుడు ఏమి జరిగింది?

సుమారు 18 సంవత్సరాలు గడిచాక రచయితలు ఈ పాత్రను మరొక కోణం నుండి చూడసాగారు. 2002లో అమెరికాలో ప్రసారం ప్రారంభమైన ‘ట్రాన్స్‌ఫార్మర్స్ ఆర్మడా’ అనే 52 కథల వరుస ఇందుకు ఉదాహరణ. జపాన్ నిర్మాతలతో కలిసి చేసిన ఈ వరుసలో స్టార్‌స్క్రీమ్ పదవీకాంక్షగల కుట్రదారుడు కాడు. గుర్తింపు కోరే యోధుడు. ఎంత పోరాడినా మెగాట్రాన్ నోట మెప్పు రాదు, అవమానమే దక్కుతుంది. ఆ అవమానం భరించలేక అతడు నిజంగానే పక్షం మార్చి ఆటోబాట్లలో చేరిపోతాడు.

ఇక్కడ కథ చాల సున్నితమైన మలుపు తిరుగుతుంది. కొత్త పక్షంలో అందరు అతనిని వెంటనే నమ్మలేకపోతారు. నిన్నటి శత్రువు నేడు మిత్రుడెట్లు అవుతాడు? అతని ప్రతి కదలికను అనుమానంతో చూస్తారు. అలెక్సిస్ అనే మానవబాలిక మాత్రం అతనితో మనస్సు విప్పి మాట్లాడుతుంది. యుద్ధం తప్ప మరేమీ ఎరుగని యంత్రానికి స్నేహమనేది ఏమిటో ఆ పిల్ల వలన తెలుస్తుంది. అయినప్పటికీ అతని మనస్సులోని పగ చల్లారలేదు. తిరిగి పాత పక్షానికి వెళ్ళిపోతాడు. ఏ పక్షానికీ పూర్తిగా చెందనివాని వేదన అతని పాత్రలో కనిపిస్తుంది.

చివరకు యూనిక్రాన్ రూపంలో ఉభయపక్షాలను మింగివేసే ప్రమాదం వస్తుంది. ఆ ప్రమాదం నిజమని గాల్వట్రాన్ నమ్మడు. నమ్మించడానికి స్టార్‌స్క్రీమ్ అతనితో ద్వంద్వయుద్ధం చేసి, ప్రాణాపాయకరంగా గాయపడి, మిగిలిన శక్తినంతా కూడగట్టి యూనిక్రాన్ మీద కాల్పులు జరుపుతాడు. యూనిక్రాన్ ప్రతిదాడిలో భస్మమైపోతాడు. ఆ మరణం చూచిన తరువాతనే గాల్వట్రాన్ కళ్ళు తెరుచుకొని, తన చిరశత్రువైన ఆప్టిమస్‌తో చేయి కలుపుతాడు. 1986లో నాయకుని శూన్యంలోకి తోసివేసినవాడు, ఇక్కడ నాయకునికి నిజం చూపడం కోసం ప్రాణం ఇచ్చాడు. పాత్ర ఒక్కటే, పేరు ఒక్కటే. మారినది ఏమంటే, ఈసారి అతనిని ఒక్కరైనా నమ్మారు.

ద్రోహానికి మూలమెక్కడ?

ఈ పరిణామాన్ని పరిశీలిస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. మెగాట్రాన్ రాజ్యంలో విశ్వాసానికి బహుమతి లేదు, ద్రోహానికి స్థిరమైన శిక్ష లేదు. అక్కడ చెల్లుబాటయ్యేది బలం ఒక్కటే. బలమే ధర్మమని నాయకుడు బోధించినప్పుడు, నాయకుడు బలహీనుడైన రోజున అతనిని తోసివేయడం ఆ బోధకు అనుగుణమైన పనే అవుతుంది. స్టార్‌స్క్రీమ్ తన గురువు చెప్పిన పాఠాన్ని అప్పగించాడు, అంతే. 2024లో వచ్చిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్ వన్’ చిత్రంలో కూడ ఇదే సూత్రం కనిపిస్తుంది. అందులో స్టార్‌స్క్రీమ్ ఒక యోధగణానికి నాయకుడు. తరువాతికాలంలో మెగాట్రాన్ అయ్యే యువకుడు అతనిని దేహబలంతో ఓడించి ఆ గణానికి నాయకుడవుతాడు. వారి బంధం మొదలైనదే ఓటమితోను, అవమానంతోను. అట్టి బంధం నుండి విశ్వాసాన్ని ఆశించడం ఇసుకనుండి తైలం తీయబూనుట వంటిది.

దీనికి ఎదురుగా ఆప్టిమస్ ప్రైమ్ శిబిరం ఉన్నది. అక్కడ కూడ వాదాలు, కోపాలు, మొండితనాలు ఉన్నాయి. కాని నాయకుడు అనుచరుని మాట వింటాడు, తప్పుచేసినవానిని అవమానించక సరిదిద్దుతాడు, ప్రమాదంలో తాను ముందు నిలుస్తాడు. ఆ శిబిరంలో స్టార్‌స్క్రీమ్ వంటివాడు పుట్టకపోవడం యాదృచ్ఛికం కాదు.

అయితే దోషమంతా మెగాట్రాన్‌దేనని చెప్పి స్టార్‌స్క్రీమ్‌ను నిర్దోషిగా విడిచిపెట్టుట కూడ న్యాయం కాదు. అదే సేనలో, అదే అవమానాల మధ్య, అదే అచ్చులో పుట్టిన థండర్‌క్రాకర్ ఉన్నాడు. అతనికి సందేహం ఉన్నది, పగ లేదు. స్కైఫైర్‌కు గాయం ఉన్నది, పగ లేదు. అన్యాయమైన పక్షాన్ని విడిచివెళ్ళే మార్గం స్టార్‌స్క్రీమ్‌కు కూడ తెరచియే ఉండెను. కాని అతడు విడిచివెళ్ళ కోరలేదు. ఆ అన్యాయపు సింహాసనమే తనకు కావలెనని కోరాడు. అన్యాయాన్ని ద్వేషించడానికి, అన్యాయం చేసే అధికారం తనకు లేదని బాధపడడానికి మధ్య గల భేదాన్ని యువతరం బాగుగా గుర్తించాలి. మొదటిది విప్లవానికి దారితీస్తుంది. రెండవది యజమానిని మాత్రమే మారుస్తుంది.

2012 తరువాత ఐడీడబ్ల్యూ సంస్థ ప్రచురించిన బొమ్మలకథల పుస్తకాలలో యుద్ధం ముగిసిన సైబర్‌ట్రాన్‌కు స్టార్‌స్క్రీమ్ పాలకుడు కూడ అయ్యాడు. కోరిన పీఠం దక్కినా అతని మనస్సుకు నెమ్మది దక్కలేదు. తాను ఎట్లు వచ్చాడో ఎరిగినవాడు కనుక, తనవలె మరొకడు వస్తాడేమోనని నిత్యం భయపడవలసి వచ్చింది.

ఉపసంహారం

మన దేశంలో ఫిరాయింపు అనే మాట నిత్యం పత్రికలలో కనబడేదే. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా దానికి చట్టం అడ్డుకట్ట వేయజూచింది. అయితే చట్టం చూడగలిగేది మనిషి ఏ వరుసలో కూర్చున్నాడన్నది మాత్రమే. ఎందుకు లేచివెళ్ళాడన్న సంగతి అతని అంతరాత్మకు తెలియాలి. ఆ ప్రశ్నను తనకు తాను వేసుకొనే అలవాటు బాల్యంలోనే కలగాలి. బొమ్మల కథ ఒకటి అందుకు ఉపకరిస్తే దానిని తక్కువగా చూడనక్కరలేదు.

విద్యార్థులారా, రేపు మీలో కొందరు అధికారులు అవుతారు, కొందరు ఉపాధ్యాయులు అవుతారు, అందరు కుటుంబాలకు పెద్దలవుతారు. మీ కింద పనిచేసేవానిని పదిమందిలో అవమానించే ముందు మెగాట్రాన్‌ను తలచుకొనండి. అవమానింపబడినవాడు మౌనంగా ఉన్నంత మాత్రాన మరచిపోయినట్లు కాదు. ఎవడైనా పాత తప్పు విడిచి మీ గడప తొక్కినప్పుడు, అలెక్సిస్ అనే ఆ చిన్నపిల్లను తలచుకొనండి. నిత్యం అనుమానింపబడేవాని నుండి విశ్వాసాన్ని కోరడం అన్యాయం. ముందు నమ్మకం ఇచ్చినవారే దానిని తిరిగి అడుగగలరు. ఇక మీకే అన్యాయం జరిగినప్పుడు, మీరే ఒక పక్షాన్ని విడవవలసి వచ్చినప్పుడు, విడిచేది న్యాయం కోసమా, పగ కోసమా అని ఒక్కసారి ఆగి ఆలోచించండి. న్యాయం కోసం విడిచినవాడు తన వెనుక తలుపు మూసి ముందుకు నడుస్తాడు. పగ కోసం విడిచినవాడు వెనుదిరిగి కాల్పులు జరుపుతాడు. ఆ దెబ్బకు ఎవరు మేల్కొంటారో స్టార్‌స్క్రీమ్ కథ మొదటి ఘట్టంలోనే చూశాము.